బోర్డు లోపానికి డివైస్ ట్రీలో చోటు: ఎంబెడెడ్ లైనక్స్ రెగ్యులేటర్ సర్దుబాట్ల సమీక్ష

ఎంబెడెడ్ బోర్డు మీద ఒకే వోల్టేజీ ఉండదు. ప్రాసెసర్ కోర్‌కు ఒక వోల్టుకు అటూ ఇటూ కావాలి. డీడీఆర్3 మెమరీకి 1.5 వోల్టులు, డీడీఆర్4కు 1.2, ఎస్‌డీ కార్డుకు 3.3 లేదా 1.8, యూఎస్‌బీ పోర్టుకు 5 వోల్టులు కావాలి. అడాప్టరు నుంచి వచ్చే ఒక్క సరఫరాను ఇన్ని లైన్లుగా మార్చి, లోడు పెరిగినా తగ్గినా వోల్టేజీని హద్దులో నిలిపేవి రెగ్యులేటర్లు. చిన్న బోర్డుల్లో ఇవి విడివిడి చిప్‌లు. కాస్త పెద్ద బోర్డుల్లో చాలా రెగ్యులేటర్లు కలిసి పీఎంఐసీ అనే ఒకే చిప్‌లో ఉంటాయి. ఏ లైను ఎంత వోల్టేజీలో ఉండాలో, ఎప్పుడు ఆగాలో ప్రాసెసర్ ఐ2సీ వంటి బస్సు మీదుగా ఆ చిప్‌కు చెబుతుంది.

ఒకే ప్రాసెసర్‌ను ఎందరో తయారీదారులు ఎన్నో రకాల బోర్డుల మీద వాడతారు. ఏ లైను ఏ చిప్‌కు వెళ్తుందన్నది బోర్డు బోర్డుకూ మారుతుంది. పొరపాట్లూ అలాగే మారతాయి. ఒక బోర్డులో రెండు చిప్‌ల ఇంటరప్ట్ పిన్నులు ఒకే తీగకు కలిసి ఉంటాయి. మరొకదానిలో కెపాసిటర్ పెద్దదై వోల్టేజీ నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంకొకదానిలో ఎప్పటికీ ఆగకూడని లైను సాఫ్ట్‌వేర్ ఆపగలిగేలా ఉంటుంది. బోర్డు తయారై అమ్ముడయ్యాక రాగి తీగలను మార్చలేరు, సాఫ్ట్‌వేరే సర్దుకోవాలి. ఆ సర్దుబాటును బోర్డును వర్ణించే డివైస్ ట్రీలో రాయాలా, డ్రైవర్‌లోనా, ప్రాసెసర్ కుటుంబపు కోడ్‌లోనా, బూట్‌లోడర్‌లోనా అన్నది ఈ రంగంలో పదేపదే ఎదురయ్యే ప్రశ్న. జవాబు లోపం స్వభావాన్ని బట్టి మారుతుంది.

హద్దులు ఎవరివి

లైనక్స్ కెర్నల్‌లో రెగ్యులేటర్లకు ఉమ్మడి వ్యవస్థ 2008లో, 2.6.27 వెర్షన్‌తో వచ్చింది. వుల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్‌లో పనిచేసిన లియామ్ గర్డ్‌వుడ్ దాన్ని రాశారు. మార్క్ బ్రౌన్ చాలాకాలంగా దాని నిర్వాహకులు. ఈ వ్యవస్థలో మూడు పక్షాలున్నాయి. రెగ్యులేటర్ చిప్ ఏం చేయగలదో దాని డ్రైవర్‌కు తెలుసు. ఎస్‌డీ కార్డు, కెమెరా, నెట్‌వర్క్ చిప్ వంటి వినియోగదారు పరికరాల డ్రైవర్లు తమకేం కావాలో అడుగుతాయి. ఈ బోర్డు మీద ఎంతవరకు అనుమతించాలో చెప్పే హద్దులు మూడో పక్షం. చిప్ 3.3 వోల్టుల దాకా ఇవ్వగలిగినా, ఆ లైను మీదున్న సెన్సర్ రెండు వోల్టులకే కాలిపోయేదైతే హద్దు మాటే చెల్లుతుంది.

ఆ హద్దులు బోర్డు సొంత సంగతి. మొదట్లో వాటిని ప్రతి బోర్డుకూ విడిగా రాసిన సీ ఫైళ్లలో ఉంచేవారు. ఆర్మ్ ప్రాసెసర్ల విషయంలో ఇలాంటి ఫైళ్లు గుట్టలుగా పెరిగాయి. 2011లో లైనస్ టోర్వాల్డ్స్ ఆ తీరును గట్టిగా తప్పుపట్టడంతో ఆర్మ్ కోడ్ డివైస్ ట్రీ వైపు మళ్లింది. డివైస్ ట్రీ అప్పటికే పాతది. 1994 నాటి ఐఈఈఈ 1275 ప్రమాణమైన ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో పుట్టి, పవర్‌పీసీ లైనక్స్‌లో స్థిరపడింది. బోర్డు మీద ఏమున్నాయో, ఏది దేనికి కలిసి ఉందో చెట్టు ఆకారంలో రాసిన పాఠ్యం అది. దాన్ని కంపైల్ చేసి డీటీబీ ఫైలుగా మారుస్తారు. బూట్‌లోడర్ ఆ ఫైలును కెర్నల్‌కు అందిస్తుంది. ప్రాసెసర్‌కు సంబంధించినవి ఉమ్మడి ఫైలులోనూ, బోర్డుకు సంబంధించినవి బోర్డు ఫైలులోనూ ఉంటాయి.

డివైస్ ట్రీ హార్డ్‌వేర్‌ను వర్ణించాలి గానీ లైనక్స్ ఏం చేయాలో శాసించకూడదన్నది మూల నియమం. బోర్డు లోపం హార్డ్‌వేర్ సంగతే కాబట్టి వర్ణనలో దానికి చోటుంది. అయితే ప్రతి లోపమూ వర్ణనకు లొంగదు.

వర్ణనతోనే తీరేవి

ఎక్కువ సర్దుబాట్లు ఒకటి రెండు పంక్తులతో తీరిపోతాయి. రెగ్యులేటర్-మిన్-మైక్రోవోల్ట్, రెగ్యులేటర్-మ్యాక్స్-మైక్రోవోల్ట్ అనే రెండు ధర్మాలు కనిష్ఠ, గరిష్ఠ వోల్టేజీలను చెబుతాయి. వీటిని ఎవరైనా అడిగినప్పుడు మాత్రమే చూస్తారనుకోవడం పొరపాటు. రెగ్యులేటర్ నమోదయ్యే క్షణంలోనే కెర్నల్ ప్రస్తుత వోల్టేజీని చూస్తుంది, హద్దు బయట ఉంటే లోపలికి లాగుతుంది. ఒక సున్నా తప్పితే ఏ డ్రైవరూ అడగకముందే ఆ తప్పు తీగ మీదికి చేరుతుంది. కొత్త బోర్డుకు డివైస్ ట్రీ రాసేవారు పాత బోర్డు ఫైలును నకలు చేసి మొదలుపెట్టడం మామూలే. అప్పుడు స్కీమాటిక్‌తో మొట్టమొదట సరిచూడాల్సినవి ఈ అంకెలే.

సమయానికి సంబంధించిన లోపాలు మరో తరగతి. లైను మీద పెద్ద కెపాసిటర్ ఉంటే ఆన్ చేసిన వెంటనే వోల్టేజీ నిలకడగా ఉండదు. పీఎంఐసీ రెగ్యులేటర్లకు రెగ్యులేటర్-ఎనేబుల్-ర్యాంప్-డిలే, జీపీఐఓ పిన్నుతో నడిచే స్థిర రెగ్యులేటర్లకు స్టార్టప్-డిలే-యూఎస్ అనే ధర్మాలు ఆ ఆలస్యాన్ని మైక్రోసెకన్లలో చెబుతాయి. ఆపేటప్పుడు ఇదే ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది. కెపాసిటర్ పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ ఆన్ చేస్తే అవతలి చిప్ రీసెట్ కాదు, సగం మెలకువలో ఉండిపోతుంది. స్థిర రెగ్యులేటర్లకున్న ఆఫ్-ఆన్-డిలే-యూఎస్ అందుకోసం వచ్చింది. వీటిని డ్రైవర్‌లో ఆలస్యంగా రాస్తే ఆ చిప్ వాడే బోర్డులన్నీ ఆగాల్సి వస్తుంది. డివైస్ ట్రీలో రాస్తే లోపమున్న బోర్డు ఒక్కటే ఆగుతుంది.

ఎస్‌డీ కార్డు సమస్య ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. కార్డు 3.3 వోల్టుల సంకేతాలతో మొదలై, యూహెచ్‌ఎస్ వేగాల కోసం 1.8 వోల్టులకు మారుతుంది. కరెంటు తీసేస్తే తప్ప వెనక్కి రాదు. బోర్డును కేవలం రీబూట్ చేస్తే కార్డు 1.8 దగ్గరే ఉంటుంది, ప్రాసెసర్ లోపలి బూట్ రామ్ మాత్రం 3.3 తోనే పలకరిస్తుంది. బోర్డు బూట్ కాదు. కార్డు సరఫరాను ఆపగల స్విచ్ బోర్డు మీద ఉంటే దాన్ని రెగ్యులేటర్‌గా వర్ణించి, రీబూట్‌కు ముందు ఆపి ఆన్ చేసే ఏర్పాటు చేసుకోవచ్చు. స్విచ్ పెట్టడం మరిచిన బోర్డుకు నో-1-8-వి అనే ధర్మం మిగిలిన దారి. దాంతో కార్డు సెకనుకు 25 మెగాబైట్ల పాత వేగానికే పరిమితమవుతుంది. సర్దుబాటుకు చెల్లించే ధర ఇక్కడ కంటికి కనబడుతుంది.

ముడిపడిన లైన్లు

రెండు లైన్ల మధ్య ఉండాల్సిన తేడాను విడివిడి హద్దులు చెప్పలేవు. శాంసంగ్ ఎక్సినాస్ 5422 ప్రాసెసర్‌తో వచ్చిన ఓడ్రాయిడ్ ఎక్స్‌యూ3, ఎక్స్‌యూ4 బోర్డుల్లో ప్రాసెసర్ కోర్ లైనుకూ అంతర్గత బస్సు లైనుకూ మధ్య తేడా 300 మిల్లీవోల్టులు దాటకూడదు. రెండింటినీ వేర్వేరు డ్రైవర్లు, వేర్వేరు సమయాల్లో మారుస్తాయి. దీనికోసం రెగ్యులేటర్-కపుల్డ్-విత్, రెగ్యులేటర్-కపుల్డ్-మ్యాక్స్-స్ప్రెడ్ అనే ధర్మాలు వచ్చాయి. ఒకటి పెరగాలంటే రెండోదాన్ని కూడా కెర్నలే మెట్టు మెట్టుగా వెంట తీసుకెళ్తుంది.

ఎన్విడియా టెగ్రా20 దగ్గర ఈ సాధారణ సూత్రం చాలలేదు. అక్కడ కోర్, ఆర్‌టీసీ (గడియారం) లైన్ల మధ్య తేడా 170 మిల్లీవోల్టులకు మించకూడదు. ఆ రెండూ ప్రాసెసర్ లైను కంటే కనీసం 120 మిల్లీవోల్టులు ఎక్కువగా ఉండాలి. ఇలాంటి నియమాన్ని ధర్మాల్లో ఇరికించడానికి బదులు, ఆ చిప్‌కే ప్రత్యేకమైన కప్లర్ కోడ్ రాశారు. ఏ లైను ఏ రెగ్యులేటర్‌కు కలిసిందన్నది డివైస్ ట్రీలో ఉంది, వాటి మధ్య సంబంధాన్ని కాపాడే లెక్క కోడ్‌లో ఉంది. నియమం బోర్డుది కాక చిప్‌ది కాబట్టి ఈ పంపకం సరైనదే.

ఎల్లప్పుడూ ఆన్: తేలిక దారి, దాని ఖర్చు

ఎక్కువగా వాడేది, ఎక్కువగా దుర్వినియోగమయ్యేది రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్. కెర్నల్ బూట్ అయిన కొంతసేపటికి ఎవరూ అడగని రెగ్యులేటర్లను ఆపేస్తుంది. ఆలస్యంగా లోడయ్యే డ్రైవర్ల కోసం ఈ పనిని 30 సెకన్లు వాయిదా వేస్తుంది. అందువల్ల బోర్డు చక్కగా లేచి, అర నిమిషం తర్వాత చటుక్కున నిలిచిపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. వర్ణనలో లేని వినియోగదారు పరికరమేదో ఆ లైను మీద ఉందన్నమాట.

ఆల్వేస్-ఆన్ రాస్తే లక్షణం పోతుంది. మెమరీ సరఫరా లాంటి లైన్లకు అదే సరైన వర్ణన కూడా, ఎందుకంటే వాటిని ఆపే సందర్భమే లేదు. కెమెరాకో వైఫైకో వెళ్లే లైనుకు అదే రాస్తే మాత్రం తప్పిపోయిన సంబంధాన్ని కప్పిపుచ్చినట్టే. బ్యాటరీ ఊరికే కరుగుతుంది, చిప్ మొరాయించినప్పుడు కరెంటు తీసి పెట్టే అవకాశమూ పోతుంది. సరైన మందు ఆ పరికరానికి సరఫరా ధర్మం చేర్చి, డ్రైవర్ చేత దాన్ని అడిగించడం. బూట్‌లోడర్ వెలిగించిన తెర ఆరిపోకుండా చూడటం ఇందుకు మంచి ఉదాహరణ. సింపుల్-ఫ్రేమ్‌బఫర్ నోడ్‌లోనే తెరకు కావలసిన రెగ్యులేటర్లను పేర్కొనే వీలు కల్పించారు. అసలు డిస్‌ప్లే డ్రైవర్ వచ్చేదాకా ఆ నోడ్ వాటిని పట్టి ఉంచుతుంది.

రోగనిర్ధారణకు రెండు సాధనాలున్నాయి. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని రెగ్యులేటర్ సమ్మరీ ఫైలు ఏ లైను ఎవరి చేతిలో ఉందో, ఎంత వోల్టేజీలో ఉందో వరుసగా చూపిస్తుంది. డమ్మీ రెగ్యులేటర్ వాడుతున్నట్టు కెర్నల్ లాగ్‌లో కనబడే సందేశం మరో జాడ. పరికరం సరఫరా అడిగింది, డివైస్ ట్రీలో అది లేదు, కెర్నల్ ఉత్తుత్తి రెగ్యులేటర్‌ను చేతికిచ్చి పని జరిపించింది అని దానర్థం. ఉపయోగించని రెగ్యులేటర్లను ఆపవద్దని చెప్పే బూట్ పారామీటరు కూడా ఉంది. పరీక్షకు అది పనికొస్తుంది, అమ్మే ఉత్పత్తిలో దాన్ని వదిలేయడం తగదు.

వర్ణన చాలని చోటు: ఆర్-కార్ కథ

రెనెసాస్ ఆర్-కార్ రెండో తరం ప్రాసెసర్లతో వచ్చిన లాగర్, కోల్ష్ వంటి అభివృద్ధి బోర్డుల మీద డయలాగ్ సంస్థ తయారుచేసిన డీఏ9063 పీఎంఐసీ, దాని పక్కన డీఏ9210 రెగ్యులేటర్ ఉన్నాయి. రెండింటి ఇంటరప్ట్ పిన్నులూ ప్రాసెసర్‌లోని ఐఆర్‌క్యూ2 అనే ఒకే పిన్నుకు కలిశాయి. ఒకే లైనును ఇద్దరు పంచుకోవడం తప్పేమీ కాదు. కానీ పూర్తిగా ఆపి ఆన్ చేసినప్పుడు, లేదా డీఏ9063 ద్వారా రీస్టార్ట్ చేసినప్పుడు, రెండు చిప్‌లూ అడగకుండానే ఇంటరప్ట్ లైనును లాగి పట్టుకుంటాయి. మొదటి డ్రైవర్ వచ్చి ఇంటరప్ట్‌ను అడగగానే కెర్నల్ ఆ లైనును తెరుస్తుంది. ఆ డ్రైవర్ తన చిప్‌ను ఊరుకోబెడుతుంది గానీ రెండో చిప్ ఇంకా లాగుతూనే ఉంటుంది. రెండో డ్రైవర్ అప్పటికింకా రాలేదు. ఇంటరప్ట్ తుఫాను మొదలై బోర్డు అక్కడే ఇరుక్కుపోతుంది.

ఇక్కడ డివైస్ ట్రీలో అబద్ధమేమీ లేదు. రెండు చిప్‌లు, ఒకే ఇంటరప్ట్ అని ఉన్నది ఉన్నట్టే రాసి ఉంది. కొత్త ధర్మం చేర్చినా లాభం లేదు, ఎందుకంటే మొదటి డ్రైవర్ పనిలోకి దిగేలోపే రెండో చిప్ నోరు కట్టేయాలి. ఐ2సీ బస్సు సిద్ధమయ్యాక, దాని మీది పరికరాల డ్రైవర్లు మొదలయ్యే ముందు ఉన్న ఆ సన్నని సందులో చేయాల్సిన పని ఇది. అందుకే 2015లో ఆర్-కార్ ప్లాట్‌ఫారం కోడ్‌లోనే ఒక క్విర్క్, అంటే లోపాన్ని సర్దే ప్రత్యేక కోడ్, చేరింది. బస్సు మీదికి ఈ రెగ్యులేటర్ చేరుతున్నట్టు తెలియగానే, రెండు చిప్‌ల ఇంటరప్ట్ మాస్క్ రిజిస్టర్లనూ నేరుగా రాసి నోరు మూయిస్తుంది.

ఈ క్విర్క్‌లో నేర్చుకోదగ్గ లక్షణాలు మూడు. మొదటిది, అది పేరు పెట్టి పిలిచిన బోర్డుల మీదనే పనిచేస్తుంది. రెండోది, ఇంటరప్ట్ లైను నిజంగా లాగబడి ఉందా అని ముందు రిజిస్టర్‌లో చూసి, లేకపోతే తనంతట తానే తప్పుకుంటుంది. పని ముగిశాక కూడా నమోదు రద్దు చేసుకుంటుంది. మూడోది తర్వాత వచ్చిన మెరుగు. తొలి రూపంలో చిప్‌ల చిరునామాలు కోడ్‌లోనే ఉండేవి. రెండు డీఏ9210లు ఉన్న స్టౌట్ వంటి బోర్డులు చేరేసరికి, 2018లో ఆ వివరాలను డివైస్ ట్రీ నుంచే చదువుకునేలా మార్చారు. ఏ చిప్ ఎక్కడుందన్నది వర్ణనకూ, ఎప్పుడు ఏం చేయాలన్నది కోడ్‌కూ చెందాయి.

వరుస తప్పకూడని సరఫరాలు

ఒక చిప్‌కు మూడు నాలుగు సరఫరాలు, వాటి మధ్య నిర్ణీత క్రమం, చివర్లో ఒక రీసెట్ పిన్ను ఉన్నప్పుడు విడి రెగ్యులేటర్లతో పని కాదు. చాలా బోర్డు ఫైళ్లలో దీన్ని ఒక ఉపాయంతో నెట్టుకొచ్చారు. ఒక లైనును మరొకదానికి తల్లి సరఫరాగా చూపితే కెర్నల్ మొదట తల్లిని ఆన్ చేస్తుంది, క్రమం కుదురుతుంది. కానీ బోర్డు మీద అలాంటి తీగ లేదు. వర్ణనలో అబద్ధం చెప్పి నిజమైన ఫలితం రాబట్టడమిది. స్కీమాటిక్‌తో పోల్చి చూసే తర్వాతి ఇంజనీరు అయోమయంలో పడతాడు.

ఎస్‌డీఐఓ వైఫై చిప్‌ల కోసం 2015 ప్రాంతంలో ఎంఎంసీ-పీడబ్ల్యూఆర్‌ఎస్‌ఈక్యూ అనే చిన్న ఏర్పాటు వచ్చింది. అది ఎంఎంసీ బస్సుకే పరిమితం. క్వాల్కమ్ వైఫై-బ్లూటూత్ జంట చిప్‌లు సమస్యను పెంచాయి. ఒకే చిప్‌లో రెండు పరికరాలు, రెండు వేర్వేరు బస్సుల మీద ఉంటూ ఒకే సరఫరా వ్యవస్థను వాడుకుంటాయి. పీసీఐఈ వైపున్న వైఫైకి కరెంటు ఇచ్చేదాకా అది బస్సు మీద కనబడదు, కనబడితే తప్ప దాని డ్రైవర్ రాదు. చాలాకాలం లైన్లను ఎల్లప్పుడూ ఆన్‌లో ఉంచడమే దారిగా ఉండేది. 2024లో 6.11 వెర్షన్‌తో వచ్చిన పవర్ సీక్వెన్సింగ్ వ్యవస్థ దీనికి పద్ధతైన పరిష్కారం చూపింది. చిప్ లోపలి పవర్ విభాగాన్ని డివైస్ ట్రీలో విడి నోడ్‌గా, ఉన్నది ఉన్నట్టు వర్ణిస్తారు. క్రమాన్ని డ్రైవర్ చూసుకుంటుంది. ఒకే రకం సర్దుబాటు చాలా బోర్డుల్లో కనబడితే, కెర్నల్‌లో ఒక సదుపాయం లోపించిందని అర్థం చేసుకోవాలి.

పాత డీటీబీ పట్ల బాధ్యత

డీటీబీ ఫైలు కెర్నల్‌తో కలిసి మారుతుందన్న హామీ లేదు. ఫ్లాష్‌లో నిలిచిపోయిన పాత డీటీబీతోనూ కొత్త కెర్నల్ పనిచేయాలన్నది లైనక్స్ ఆచారం. సర్దుబాట్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఎన్ఎక్స్‌పీ ఐ.ఎంఎక్స్ బోర్డుల్లో విరివిగా వాడే పీఎఫ్‌యూజెడ్‌ఈ100 పీఎంఐసీ ఇందుకు సాక్ష్యం. దాని డ్రైవర్ మొదట స్విచింగ్ రెగ్యులేటర్లను ఆపలేకపోయేది. దాంతో బోర్డు ఫైళ్లలో మెమరీ లైనుకు ఆల్వేస్-ఆన్ రాయకపోయినా ఇబ్బంది రాలేదు. తర్వాత డ్రైవర్‌కు ఆపే సామర్థ్యం వచ్చింది. కెర్నల్ ఉపయోగించని లైన్లను ఆపేటప్పుడు, గుర్తు లేని మెమరీ లైను కూడా ఆ జాబితాలో పడింది. చివరికి ఎఫ్‌ఎస్‌ఎల్, పీఫ్యూజ్-సపోర్ట్-డిజేబుల్-ఎస్‌డబ్ల్యూ అనే ధర్మం ఉన్న బోర్డుల్లో మాత్రమే ఆపేలా మార్చారు. పాత ఫైళ్ల కోసమే ఈ ఏర్పాటని దాని వివరణలోనే రాసి ఉంది. లోపం బోర్డు ఫైళ్లదే అయినా, దిద్దుబాటు భారం డ్రైవర్ మోసింది.

స్థిర రెగ్యులేటర్ల జీపీఐఓ దిశ మరో వారసత్వం. ఎనేబుల్-యాక్టివ్-హై అనే ధర్మం లేకపోతే ఆ పిన్ను తక్కువ స్థాయిలో పనిచేస్తుందని లెక్క. అదే నోడ్‌లో జీపీఐఓ వివరంలో ఉన్న ధ్రువత గుర్తు ఏం చెప్పినా చెల్లదు. రెండూ పరస్పరం విరుద్ధంగా ఉన్న ఫైళ్లు ఎన్నో అప్పటికే వాడుకలో ఉండటంతో, జీపీఐఓ కోడ్‌లో ఈ ఒక్క సందర్భానికి ప్రత్యేక మినహాయింపు రాశారు. కొత్త ఫైలు రాసేవారు రెండుచోట్లా ఒకే మాట చెప్పడం క్షేమం. ధర్మాల పేర్లు, రకాలు సరిగా ఉన్నాయో లేదో స్కీమా తనిఖీ పట్టిస్తుంది. 3.3 వోల్టులు రాయాల్సిన చోట 1.8 రాస్తే అది పట్టించదు.

బోర్డు కూర్పులు, బూట్‌లోడర్ పాత్ర

లోపం ఒక కూర్పు బోర్డులో ఉండి తర్వాతి కూర్పులో పోవచ్చు. హైదరాబాద్‌లో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైప్ కేంద్రాల చుట్టూ పనిచేసే చిన్న సంస్థలకు ఇది నిత్యానుభవమే. చిన్న చిన్న విడతల్లో బోర్డులు వేయిస్తారు కాబట్టి ఏ, బీ, సీ కూర్పులు ఒకేసారి వాడుకలో ఉంటాయి. ఈప్రామ్‌లోనో, కొన్ని పిన్నుల స్థితిలోనో కూర్పు సంఖ్యను నిలిపి ఉంచితే బూట్‌లోడర్ దాన్ని చదివి తగిన డీటీబీని ఎంచుకోగలదు. తేడా ఒకటి రెండు ధర్మాలదే అయితే ఆ డీటీబీని అక్కడికక్కడే సవరించి ఇవ్వగలదు. కూర్పు సంఖ్యను నిలపడానికి చోటు లేని బోర్డులో, అత్యంత జాగ్రత్తైన సర్దుబాటునే అన్ని కూర్పులకూ వర్తింపజేయాల్సి వస్తుంది.

బీగల్‌బోన్ ఇలాంటి సందర్భమే. ఆ బోర్డుల మీది టీపీఎస్65217 పీఎంఐసీ, పవర్ ఆఫ్ చేసినప్పుడు గడియారం లైనును మాత్రం నడిపే స్లీప్ స్థితిలోకి వెళ్లగలదు. కానీ ఎక్కువ బీగల్‌బోన్ కూర్పులు ఆ స్థితికి తగినట్టు తయారు కాలేదు, అందులోకి వెళ్తే హార్డ్‌వేర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఉమ్మడి బోర్డు ఫైలులో పీఎంఐసీని పూర్తి ఆఫ్ స్థితికి పంపే ధర్మాన్ని రాసి, కారణాన్ని ఆ పంక్తి పైనే వ్యాఖ్యగా పెట్టారు. కారణం పక్కనే ఉండటం వల్ల ఎవరూ దాన్ని అనవసరమని తీసేయరు.

పరీక్ష

రెగ్యులేటర్ లోపాలు ప్రయోగశాలలో దాక్కుని పొలంలోనూ ఫ్యాక్టరీలోనూ బయటపడతాయి. అభివృద్ధి సమయంలో ఇంజనీర్లు బోర్డును రీబూట్ చేస్తారు గానీ కరెంటు తీయడం తక్కువ. ఆర్-కార్ తుఫాను పూర్తిగా ఆపి ఆన్ చేసినప్పుడు వస్తే, ఎస్‌డీ కార్డు చిక్కు రీబూట్ చేసినప్పుడే వస్తుంది. ఒకదాన్ని పరీక్షించి రెండోది సరిగానే ఉందనుకోకూడదు.

మూడో స్థితి, వోల్టేజీ క్షణకాలం పడిపోవడం, మరీ కష్టమైనది. ఉదాహరణకు, కరీంనగర్, రామగుండం మధ్య రాజీవ్ రహదారి మీదున్న సుల్తానాబాద్ రైస్ మిల్లులున్న ఊరు. మిల్లులో పెద్ద మోటార్లు ఒక్కసారిగా మొదలైతే అదే లైను మీదున్న కలర్ సార్టర్ లాంటి ఎలక్ట్రానిక్ యంత్రానికి వోల్టేజీ క్షణకాలం పడిపోవచ్చు. కరెంటు పూర్తిగా పోదు, పూర్తిగా ఉండదు. అలాంటప్పుడు బోర్డు మీద ఒక లైను పడిపోయి, పెద్ద కెపాసిటర్ ఉన్న మరో లైను నిలిచి ఉంటుంది. ప్రాసెసర్ రీసెట్ అవుతుంది, పక్క చిప్ కాదు. కరెంటు పోయి వచ్చే ఊళ్లకు వెళ్లే ఉత్పత్తికి ఈ మూడు స్థితులూ పరీక్షలో ఉండాలి. ఆపి ఆన్ చేసే వ్యవధిని మిల్లీసెకన్ల నుంచి నిమిషాల దాకా మారుస్తూ, వందల సార్లు, లైన్లను ఆసిలోస్కోప్‌లో చూస్తూ చేయాలి. వేసవి వేడిలోనూ చేయాలి. ఆలస్యాల విలువలు ఈ కొలతల నుంచి రావాలి గానీ ఊహ నుంచి కాదు.

ఎంపిక క్రమం

ఈ ఉదాహరణలన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక వరుస తేలుతుంది. ముందుగా, అసలు తీగ ఎలా ఉందో డివైస్ ట్రీలో నిజంగా, పూర్తిగా రాశారా అని చూడాలి. సగం సర్దుబాట్ల అవసరం అక్కడే పోతుంది. మిగిలినది బోర్డు భౌతిక లక్షణమైతే ఇప్పటికే ఉన్న ప్రామాణిక ధర్మాన్ని వాడాలి. చిప్ స్వభావమైతే దాని డ్రైవర్‌లో చేర్చాలి. చాలా బోర్డుల్లో పునరావృతమయ్యే క్రమమైతే ఉమ్మడి వ్యవస్థలో చోటు వెతకాలి. కెర్నల్ లేవకముందే జరగాల్సినదీ, కూర్పును బట్టి మారేదీ బూట్‌లోడర్‌కు చెందుతాయి. ఈ నాలుగూ పనికిరాని చోటే, బోర్డు పేరు చూసి పనిచేసే ప్లాట్‌ఫారం క్విర్క్ రాయాలి. అది పేరున్న బోర్డులకే పరిమితమై, లోపం నిజంగా ఉందో లేదో చూసుకుని, లేకపోతే తప్పుకోవాలి. ఏ స్థాయిలో రాసినా ఏ బోర్డు, ఏ కూర్పు, ఏ లక్షణం, ఏ కొలత అన్న నాలుగు వివరాలు ఆ పంక్తి పక్కనే ఉండాలి. అవి లేకపోతే పదేళ్ల తర్వాత దాన్ని తీసేయవచ్చో లేదో చెప్పగలిగేవారు ఉండరు.